మన ఊరికి ఏ నీడ గడియారం? 18 డిగ్రీల మీద ఉన్నవాళ్ళకి ఎంపిక సలహా

నీడ గడియారం కొనాలనుకున్నా, చేయించుకోవాలనుకున్నా ముందుగా కనిపించేది ఒకటే రకం. గుండ్రటి ఇత్తడి పలక, దాని మీద నిలబెట్టిన త్రికోణం రేకు. ఆన్‌లైన్‌లో అదే, తోటల సామాన్లు అమ్మేచోట అదే. వరంగల్‌లో డాబా మీద తెచ్చి పెడితే అది చెప్పే టైంకీ చేతి గడియారానికీ పొంతన ఉండదు. అప్పుడు చాలామంది "ఇదంతా పాతకాలపు వ్యవహారం, కరెక్ట్‌గా ఎక్కడ చూపిస్తుంది" అని వదిలేస్తారు. తప్పు గడియారానిది కాదు, అది వేరే ఊరి కోసం గీసింది. నీడ గడియారం అంటేనే ఒక ఊరికి కట్టుబడి ఉండే వస్తువు. ఏ రకమైతే మన ఊరికి సులువుగా ఒదుగుతుందో, ఎవరికి ఏది పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: 18 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న మన ఉత్తర తెలంగాణలో అందరూ కొనే ఆ సమతల పలక మంచి ఎంపిక కాదు. ఎందుకో లెక్కలతో చూపిస్తాను.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు ఏ టైం కావాలి?

రకం ఎంచుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పలక దగ్గరికి వెళ్తారు, అక్కడే గందరగోళం మొదలవుతుంది.

ఒకటి, అచ్చమైన సూర్యుడి టైం. సూర్యుడు మీ నడినెత్తి గీత, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి నెత్తి మీదుగా పోయే ఊహాగీత, దాటినప్పుడు 12. ఇందులో ఏ సవరణా ఉండదు. జొహర్ నమాజు వేళ సూర్యుడు ఆ గీత దాటగానే మొదలవుతుంది. అసర్ వేళ తెలియాలంటే, మధ్యాహ్నం ఉన్న నీడని పక్కన పెట్టి మిగిలిన నీడ కర్ర పొడవంత అయ్యిందా, హనఫీ పద్ధతిలో అయితే రెండింతలు అయ్యిందా అని చూస్తారు. ఇవి సూటిగా నీడకే కట్టుబడిన వేళలు కాబట్టి వీటికి గడియారం టైంతో పని లేదు. పంచాంగం చూసేవాళ్ళకి కూడా అంతే, ఘడియలు లెక్కపెట్టేది సూర్యోదయం నుంచి. ఘడియంటే 24 నిమిషాలు, రోజుకి 60. రాహుకాలం కూడా పగటిని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చేదే. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని మనకి నోటికొచ్చిన లెక్క, సూర్యుడు ఆరింటికి లేచి ఆరింటికి పడుకునే రోజుకి వేసింది.

రెండు, ఊరి తేడా సవరించిన టైం. మన దేశమంతటికీ ఉన్న ఒకే టైం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. వరంగల్ 79.6 డిగ్రీల మీద ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది, అంటే 2.9 డిగ్రీల తేడాకి దాదాపు 11½ నిమిషాలు. సగటున మన సూర్యుడి మధ్యాహ్నం చేతి గడియారంలో 12:11½ కి వస్తుంది. ఈ తేడా ఏడాదంతా మారదు, కాబట్టి గీతల్లోనే కలిపేయొచ్చు.

మూడు, పూర్తిగా చేతి గడియారం టైం. కాజీపేట జంక్షన్‌లో రైలు అందుకోవడానికి సరిపోయే టైం. దీనికి పైన చెప్పిన సవరణతో పాటు రోజురోజుకీ మారే ఇంకో సవరణ కావాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రంగా ఉండదు, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా కదులుతుంది. పైగా భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వంగి ఉంది. ఈ రెండూ కలిసి నీడని ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలకి పైగా వెనక్కి, నవంబర్ మొదట్లో 16 నిమిషాలకి పైగా ముందుకి నెడతాయి. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబర్ 1, డిసెంబర్ 25, ఈ నాలుగు రోజుల దగ్గర మాత్రం ఈ తేడా సున్నా.

ఈ రెండు సవరణలూ కలిపి, వరంగల్‌లో అచ్చమైన నీడ టైంకి ఎంత కలిపితే చేతి గడియారం టైం వస్తుందో ఇది:

| తేదీ | కలపాల్సిన నిమిషాలు |
|---|---|
| జనవరి 1 | 15 |
| ఫిబ్రవరి 1 | 25 |
| మార్చి 1 | 24 |
| ఏప్రిల్ 1 | 16 |
| మే 1 | 9 |
| జూన్ 1 | 9 |
| జూలై 1 | 15 |
| ఆగస్టు 1 | 18 |
| సెప్టెంబర్ 1 | 12 |
| అక్టోబర్ 1 | 1 |
| నవంబర్ 1 | 5 తీసెయ్యాలి |
| డిసెంబర్ 1 | 1 |

అంటే ఫిబ్రవరిలో మన నడి మధ్యాహ్నం 12:26 కి వస్తే నవంబర్ మొదట్లో 11:55 కే వచ్చేస్తుంది. ఒకే ఊళ్ళో అరగంట తేడా! ఈ పట్టిక ఒకటి పలక పక్కన పెట్టుకుంటే ఏ రకం నీడ గడియారమైనా పనికొస్తుంది. అందుకే ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది రెండో దారి: ఊరి తేడాని గీతల్లో కలిపేయండి, రోజువారీ తేడాని పట్టికలో ఉంచండి. గీతల్లో కలిపేశాక పై పట్టికలోని ప్రతి అంకెలోంచి 11½ తీసెయ్యడం మర్చిపోవద్దు, లేకపోతే ఒకే సవరణ రెండుసార్లు పడుతుంది.

ఇంకో సంగతి. దేశానికంతటికీ ఈ టైం వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందు రైళ్ళు మద్రాస్ టైంతో నడిచేవి. మద్రాసు 80.25 డిగ్రీల మీద ఉంది, అంటే ఆ టైంకీ వరంగల్ సూర్యుడికీ మధ్య సగటు తేడా రెండున్నర నిమిషాలే. ఇప్పటి 11½ నిమిషాల తేడా మనం పెట్టుకున్నదే తప్ప సూర్యుడు పెట్టింది కాదు.

మీ ఊరు ఎక్కడ ఉంది?

రెండు అంకెలు కావాలి, ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే రెండూ దొరుకుతాయి. అక్షాంశం నీడ పడేసే కడ్డీ ఎంత వాలులో ఉండాలో చెబుతుంది, రేఖాంశం ఎన్ని నిమిషాలు సవరించాలో చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు పనులు, ఒకదాన్ని రెండోదానితో సరిచేయలేం.

| ఊరు | అక్షాంశం | స్థిరమైన తేడా |
|---|---|---|
| భద్రాచలం | 17.7 | 6½ నిమిషాలు |
| ఖమ్మం | 17.2 | 9½ |
| ములుగు | 18.2 | 10 |
| వరంగల్ | 18.0 | 11½ |
| మంచిర్యాల | 18.9 | 12 |
| కరీంనగర్ | 18.4 | 13½ |
| జగిత్యాల | 18.8 | 14½ |
| ఆదిలాబాద్ | 19.7 | 16 |
| నిజామాబాద్ | 18.7 | 17½ |

చూడండి, వరంగల్‌కీ నిజామాబాద్‌కీ అక్షాంశంలో తేడా ఒక డిగ్రీ లోపే, కానీ టైంలో 6 నిమిషాలు. అన్నవరం సత్యనారాయణ స్వామి గుడి దగ్గర నీడ గడియారం చాలామంది చూసే ఉంటారు. అన్నవరం అక్షాంశం 17.3, మనకి దగ్గరే. రేఖాంశం 82.4, అంటే దేశం టైం లెక్కపెట్టే గీత దాదాపు అక్కడే పోతుంది, ఊరి తేడా అర నిమిషం కూడా లేదు. అక్కడి కొలతలతో ఒక పలక చేయించి హనుమకొండలో పెడితే వాలు దాదాపు సరిపోతుంది, టైం మాత్రం 11 నిమిషాలు పోతుంది. జైపూర్ కొలతలు తెస్తే రెండూ పోతాయి: అక్కడి పెద్ద నీడ గడియారం సమ్రాట్ యంత్రం వాలు 27 డిగ్రీలు, ఊరి తేడా దాదాపు 27 నిమిషాలు.

ఏ కొలబద్దలతో పోల్చాలి

నేను నాలుగు చూస్తాను. మన 18 డిగ్రీల దగ్గర నీడని ఎంత బాగా చదవగలం. ఊరి తేడాని కలపడం ఎంత సులువు. ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేస్తుంది. రేపు ఇల్లు మారితే ఇంకో ఊరికి ఒదుగుతుందా. ఖర్చు వీటి తర్వాతే, ఎందుకంటే అన్నిట్లో పోయేది ఒక బండ, ఒక కడ్డీ, కాస్త వెల్డింగ్ పని. అందం సంగతి మీ ఇష్టం.

ఒక హద్దు కూడా తెలిసి ఉండాలి. సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంటాడు, కాబట్టి నీడ అంచు ఎప్పుడూ 2 నిమిషాల మేర మసకగా ఉంటుంది. ఇంట్లో పెట్టుకునే గడియారం నుంచి రెండు మూడు నిమిషాల కచ్చితత్వం ఆశించొచ్చు, అంతకంటే ఎక్కువ కావాలంటే జైపూర్‌లోలాగా 27 మీటర్ల ఎత్తు కట్టాలి.

సమతల పలక

అందరికీ తెలిసిన ఆ గుండ్రటి పలక ఇదే. కడ్డీ, అంటే ఆ త్రికోణం వాలు అంచు, ఊరి అక్షాంశమంత కోణంలో లేచి ఉత్తరం వైపు చూడాలి. వరంగల్‌లో 18 డిగ్రీలు. అంటే 30 సెంటీమీటర్ల పొడవుకి 10 సెంటీమీటర్ల కంటే తక్కువే లేస్తుంది, బాగా చదునుగా ఉంటుంది.

ఇబ్బంది అంతా ఇక్కడే. కడ్డీ అంత పడుకుని ఉంటే మధ్యాహ్నం గంటల గీతలు ఇరుక్కుపోతాయి. 18 డిగ్రీల దగ్గర 12 గీత నుంచి 1 గీతకి 4.7 డిగ్రీలే, 2 గీత 10.1 దగ్గర, 3 గీత 17.2, 4 గీత 28.2, 5 గీత 49.1, ఇక 6 గీత ఒక్కసారిగా 90 దగ్గర. ఐదింటి నుంచి ఆరింటి వరకు 41 డిగ్రీలు, పన్నెండు నుంచి ఒంటిగంట వరకు 5 డిగ్రీలు కూడా లేవు. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పలక మీద మధ్యాహ్నం ఒక్క మిల్లీమీటరు పొరపాటుగా చదివితే దాదాపు 5 నిమిషాలు పోతాయి. లండన్‌లో ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు, అక్కడ కడ్డీ 51.5 డిగ్రీల్లో నిటారుగా నిలబడుతుంది. ఈ రకం అంతలా వాడుకలోకి వచ్చింది అలాంటి దేశాల్లో కాబట్టే.

ఊరి తేడా కలపాలంటే పలకని పక్కకి కొంచెం తిప్పితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. తిప్పితే కడ్డీ ఉత్తరం తప్పుతుంది, పైగా మధ్యాహ్నం గంటకి 5 డిగ్రీలు, సాయంత్రం 41 డిగ్రీలు ఉన్న పలకని ఒకే కోణం తిప్పి సరిచేయడం ఎలా కుదురుతుంది? గంటకి 15 డిగ్రీల సూర్యుడి కోణంలోంచి 2.9 తగ్గించి ప్రతి గీతనీ మళ్ళీ లెక్క వేసి గీయాల్సిందే.

ఇప్పటికే విదేశీ పలక ఒకటి ఇంట్లో ఉందా? పారేయకండి. త్రికోణం కోణం కొలవండి, లేదా పలక వెనక అక్షాంశం రాసి ఉందేమో చూడండి. 51.5 ఉంటే, మన 18 తీసేస్తే 33.5. పలక దక్షిణం వైపు అంచుని అంత కోణంలో పైకి లేపి కింద చెక్క దిమ్మ పెట్టండి. కడ్డీ వాలు సరిగ్గా 18కి వస్తుంది, గీతలన్నీ సరిపోతాయి. ఒక చిక్కు మాత్రం ఉంటుంది: అలా వాల్చిన పలక ఇప్పుడు లండన్ నేలకి సమాంతరంగా ఉంది, కాబట్టి లండన్‌లో సూర్యుడు కనిపించే వేళల్లోనే దాని మీద ఎండ పడుతుంది. డిసెంబర్‌లో మన ఇంట్లో ఆరున్నర దాటగానే వెలుగొచ్చినా ఆ పలక 8 దాటేదాకా నీడలోనే ఉంటుంది, సాయంత్రం 4 దాటాక మళ్ళీ అంతే. చలికాలం ఎండ మనకి అన్నిటికంటే నమ్మకమైన ఎండ కదా, అప్పుడే ఇది పొద్దునా సాయంత్రం పనిచేయదు.

గోడ పలక

దక్షిణం గోడ మీద పెట్టే రకం. ఫోటోల్లో ఎంతో అందంగా ఉంటుంది. మనకి వద్దు. మే రెండో వారంలో వరంగల్‌లో సూర్యుడు నడినెత్తిన నిలబడి నీడ మాయమవుతుంది, మళ్ళీ ఆగస్టు మొదట్లో ఇంకోసారి. ఆ రెండింటి మధ్య దాదాపు 80 రోజులు సూర్యుడు పగలంతా మనకి ఉత్తరం వైపే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం గోడ మీద ఒక్క నిమిషం కూడా నేరుగా ఎండ పడదు. తూర్పు గోడ మీద పెడితే పొద్దున పూటకే. గోడ తప్ప వేరే చోటు లేనివాళ్ళు పెట్టుకోవచ్చు, అంతే.

వలయం

కడ్డీని 18 డిగ్రీల వాలులో ఉత్తరానికి లేపి పెట్టి, దాని చుట్టూ అడ్డంగా సగం వలయం బిగిస్తారు. నీడ వలయం లోపలి వైపు పడుతుంది. గీతలన్నీ సమానం, గంటకి 15 డిగ్రీలు. కాలిక్యులేటర్ అవసరమే లేదు. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం తీసుకుంటే గంటకి దాదాపు 4 సెంటీమీటర్లు, ఒక మిల్లీమీటరు తప్పితే పోయేది ఒకటిన్నర నిమిషం. పైన సమతల పలకలో 5 నిమిషాలు పోయాయని గుర్తుంచుకుని చూడండి.

ఊరి తేడాకి వలయాన్ని 2.9 డిగ్రీలు జరిపితే అయిపోయింది. వలయాన్ని జరిపేలా మరలతో బిగిస్తే రోజువారీ తేడా కూడా అందులోనే సర్దొచ్చు: 15 సెంటీమీటర్ల వలయంలో నిమిషానికి 0.65 మిల్లీమీటర్లు, ఏడాది మొత్తానికి అటూ ఇటూ కలిపి 2 సెంటీమీటర్ల కదలిక. వారానికోసారి జరుపుకుంటే నేరుగా చేతి గడియారం టైం చదవొచ్చు. సమతల పలకతో ఇది ఊహకి కూడా అందదు.

సగం వలయం కాకుండా గుండ్రటి పళ్ళెం పెట్టే రకం కూడా ఉంది, అది చవక. కానీ మార్చి 21 నుంచి సెప్టెంబర్ 23 వరకు పై ముఖం మీద, మిగతా ఆరు నెలలు కింది ముఖం మీద చదవాలి. ఆ రెండు తేదీల దగ్గర ఎండ పళ్ళెం అంచునే తాకుతుంది, ఏ ముఖమూ సరిగ్గా కనిపించదు. వలయమే మేలు. కడ్డీ మాత్రం వలయానికి రెండు వైపులా కనీసం 7 సెంటీమీటర్లు బయటికి ఉండాలి, లేకపోతే జూన్‌లో, డిసెంబర్‌లో నీడ వలయం మీద పడకుండా పక్కకి పోతుంది.

దీనికున్న లోపం ఒకటే, సన్నటి కడ్డీ, వలయం బయటికి పొడుచుకుని ఉంటాయి. మన ఊళ్ళలో కోతుల సంగతి తెలిసిందే. పట్టుకుని ఊగితే వాలు పోతుంది, వాలు పోతే టైం పోతుంది. కనీసం 8 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ వాడండి.

వాలు పలక

నా ఓటు దీనికే. దీని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఎందుకో తెలియదు, 18 డిగ్రీల మీద ఉన్న ఊరికి ఇంతకంటే ఒదిగే గడియారం లేదు.

పలక ఉత్తరం అంచుని 18 డిగ్రీలు లేపి పెడతారు. మీటరు పొడవు బండ అయితే ఉత్తరం వైపు 31 సెంటీమీటర్లు లేస్తుంది. పలకకి సమాంతరంగా, కొంత ఎత్తులో, ఉత్తర దక్షిణాలుగా ఒక కడ్డీ. గంటల గీతలన్నీ ఆ కడ్డీకి సమాంతరంగా నిలువు గీతలు. వాలు కొంచెమే కాబట్టి బండ స్థిరంగా కూర్చుంటుంది, వాన నీళ్ళు నిలవవు, ఆ కడ్డీ తప్ప పైకి పొడుచుకొచ్చేది ఏమీ ఉండదు. ఏడాదంతా సూర్యుడి టైం 6 నుంచి 6 లోపు సూర్యుడు ఉన్నంతసేపూ పలక మీద ఎండ ఉంటుంది. లండన్‌లో ఇదే పలకని 51.5 డిగ్రీలు లేపి నిలబెట్టాలి, మనకైతే అరుగు మీదే పడుకుంటుంది.

కడ్డీ ఎత్తు 10 సెంటీమీటర్లు పెట్టుకుంటే, ఊరి తేడా కలిపిన గీతలు వరంగల్‌కి ఇలా వస్తాయి. కడ్డీకి సరిగ్గా కింద ఉన్న గీత నుంచి కొలవండి. పొద్దున నీడ పడమటికి, సాయంత్రం తూర్పుకి పడుతుంది.

| గంట | ఎటు | సెంటీమీటర్లు |
|---|---|---|
| ఉదయం 7 | పడమర | 46.7 |
| 8 | పడమర | 19.5 |
| 9 | పడమర | 11.1 |
| 10 | పడమర | 6.5 |
| 11 | పడమర | 3.2 |
| 12 | పడమర | 0.5 |
| మధ్యాహ్నం 1 | తూర్పు | 2.1 |
| 2 | తూర్పు | 5.1 |
| 3 | తూర్పు | 9.0 |
| 4 | తూర్పు | 15.5 |
| సాయంత్రం 5 | తూర్పు | 31.0 |

కడ్డీ ఎత్తు 20 పెడితే అన్నిటినీ రెండింతలు చేయండి. మధ్యాహ్నం ఒక మిల్లీమీటరుకి రెండు నిమిషాలకి కాస్త పైన పోతుంది, వలయమంత కచ్చితం కాదు, సమతల పలక కంటే చాలా నయం. లోపం కూడా పట్టికలోనే కనిపిస్తుంది: ఏడింటి గీత ఎక్కడో దూరంగా పోయింది. పొద్దున్నే ఆరున్నరకి టైం చూడాలనుకునేవాళ్ళకి ఇది కుదరదు. 80 సెంటీమీటర్ల వెడల్పు పలకతో 7 దాటాక మొదలై సాయంత్రం 5 దాటేదాకా వస్తుంది, నా లెక్కలో అది చాలు.

మనిషే కడ్డీ

నేల మీద అండాకారంలో గంటల గుర్తులు, మధ్యలో తేదీల గీత, ఆ రోజు తేదీ మీద మీరు నిలబడితే మీ నీడే ముల్లు. బడి ఆవరణలో సిమెంటు నేల ఉంటే రంగు డబ్బాతో అయిపోయే పని.

మన అక్షాంశంలో ఈ అండం బాగా నొక్కినట్టు ఉంటుంది: మధ్య నుంచి తూర్పుకీ పడమరకీ 2 మీటర్ల చొప్పున తీసుకుంటే ఉత్తరం వైపు 62 సెంటీమీటర్లే. సూర్యుడి టైంకి మధ్య నుంచి పక్కకి, ఉత్తరానికి కొలతలు: 12కి 0, 62; 11, 1 గంటలకి 52, 60; 10, 2కి 100, 54; 9, 3కి 141, 44; 8, 4కి 173, 31; 7, 5కి 193, 16; 6కి 200, 0. పొద్దుటి గంటలు పడమర వైపు. నిలబడే చోటు మార్చి 21, సెప్టెంబర్ 23న సరిగ్గా మధ్యలో. ఏప్రిల్ 20, ఆగస్టు 23న ఉత్తరానికి 38. మే 21, జూలై 23న 70. జూన్ 21న 82. దక్షిణానికీ అంతే దూరాలు, డిసెంబర్ 21న 82.

జూన్‌లో నిలబడే చోటు అండం దాటి బయటికి వెళ్ళిపోవడం గమనించారా? సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు కాబట్టి అది అలాగే ఉండాలి. ఉత్తరాది దేశాల కొలతలు చూసి "ఇక్కడేదో తప్పుంది" అనుకుని సరిచేయకండి. మే నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం పదకొండు నుంచి ఒంటిగంట మధ్య నీడ కాళ్ళ దగ్గరే ఉండిపోతుంది, ఆ వేళ చదవలేం. ఆ 2 మీటర్లని ఇంకా పెంచకండి, 2 మీటర్లకే డిసెంబర్ మధ్యాహ్నం చిన్నపిల్లల నీడ గుర్తుల దాకా చేరదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | మధ్యాహ్నం చదవడం | ఊరి తేడా | ఏడాదంతా | ఇంకో ఊరికి |
|---|---|---|---|---|
| సమతల పలక | కష్టం | గీతలు మళ్ళీ గీయాలి | అవును | దిమ్మ పెట్టి వాల్చాలి |
| గోడ పలక | పర్వాలేదు | గీతలు మళ్ళీ గీయాలి | 80 రోజులు లేదు | కుదరదు |
| వలయం | చాలా బాగా | జరిపితే చాలు | అవును | వాలు మారిస్తే చాలు |
| వాలు పలక | బాగా | గీతల్లో కలుపుతాం | అవును, 7 నుంచి 5 | వాలు మార్చి గీతలు జరపాలి |
| మనిషే కడ్డీ | వేసవిలో లేదు | గుర్తులు జరపాలి | కొంతవరకు | కుదరదు |

ఎవరికి ఏది

సొంత డాబా లేదా వాకిట్లో అరుగు ఉండి, ఒకసారి పెట్టి వదిలేద్దాం అనుకునేవాళ్ళకి వాలు పలక. అద్దె ఇంట్లో ఉండి ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అవుతుందో తెలియని ఉద్యోగస్తులకి వలయం. వరంగల్ నుంచి ఆదిలాబాద్ వెళ్తే వాలు 1.7 డిగ్రీలు పెంచాలి, 30 సెంటీమీటర్ల పీఠానికి ఉత్తరం వైపు 9 మిల్లీమీటర్ల ముక్క పెడితే అయిపోతుంది, వలయాన్ని ఇంకో డిగ్రీకి కాస్త ఎక్కువ జరిపితే నాలుగున్నర నిమిషాల తేడా కూడా పోతుంది.

బడికి మనిషే కడ్డీ, అందులోనూ ఏ సవరణా లేని సూర్యుడి టైం. పక్కనే పట్టిక రాయించండి. పిల్లలు నీడ చూసి, పట్టిక చూసి, కలిపి, గోడ గడియారంతో సరిపోల్చుకోవాలి; సవరణ ముందే కలిపేస్తే వాళ్ళకి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. గుడికీ, మసీదుకీ, పంచాంగం వేళల కోసం చూసేవాళ్ళకీ అచ్చమైన సూర్యుడి టైం చూపించే ఏ రకమైనా సరే, నిజానికి చదునైన నేలలో నిటారుగా పాతిన ఒక కర్ర, ఒక ఉత్తర దక్షిణ గీత చాలు.

పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇక్కడి నుంచి ఒకటి చేయించి పంపాలి అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామందే. వాళ్ళకి వలయం తప్ప వేరేది వద్దు. డల్లాస్‌కి పంపితే వాలు 33 డిగ్రీలు, అక్కడి టైం గీత 90 డిగ్రీల పడమర, ఊరు 96.8 మీద, తేడా 27 నిమిషాలు. వేసవిలో వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి 1 గంట 27 నిమిషాలు. వలయాన్ని ఇంకో 15 డిగ్రీలు జరిపితే అది కూడా సరి. సిడ్నీకి అయితే కడ్డీ దక్షిణానికి లేవాలి, అంకెల వరస తిరగబడుతుంది, వలయం మీద రెండో వరస అంకెలు చెక్కించి పంపండి.

బండ, కడ్డీ, ఉత్తరం

మన దగ్గర గ్రానైట్‌కి కొదవ లేదు కదా అని నల్లటి పాలిష్ బండ మీద చెక్కిస్తారు. నీడ కనిపించదు, ఆకాశం అద్దంలోలా మెరుస్తుంది. లేత రంగు తాండూరు బండ, లేదా పాలిష్ పట్టని లేత గ్రానైట్ తీసుకోండి. ఇత్తడి ముచ్చట ఉంటే వలయం వరకు పెంబర్తి పనివాళ్ళ చేత చేయించుకోవచ్చు, కడ్డీ మాత్రం స్టీలే.

ఉత్తరం కోసం ఫోన్ దిక్సూచిని నమ్మకండి, స్లాబులో ఉన్న ఇనుప చువ్వలు దాన్ని పక్కదారి పట్టిస్తాయి. సూర్యసిద్ధాంతంలో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది: చదునైన నేల మీద 12 అంగుళాల శంకువు, అంటే నిటారు కర్ర, నిలబెట్టి, చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోటు, మధ్యాహ్నం దాటాక మళ్ళీ తాకిన చోటు గుర్తు పెట్టి కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది.

అంత ఓపిక లేకపోతే డిసెంబర్ 25 దాకా ఆగండి. ఆ రోజు రోజువారీ తేడా సున్నా, మబ్బులు తక్కువ, నీడ పొడుగ్గా ఉంటుంది. మేస్త్రీలు వాడే తూకం గుండు ఒక దారానికి కట్టి వేలాడదీసి, ఫోన్‌లో 12:11½ అయినప్పుడు దారం నీడ మీద రెండు చుక్కలు పెట్టి కలపండి. వరంగల్‌లో అదే అసలైన ఉత్తర దక్షిణ గీత. కరీంనగర్ వాళ్ళు 12:13½ కి, నిజామాబాద్ వాళ్ళు 12:17½ కి పెట్టాలి. జూన్ 13న కూడా తేడా సున్నానే, కానీ ఆ రోజు మీటరు దారానికి పది సెంటీమీటర్ల నీడ కూడా రాదు, వచ్చినా దక్షిణం వైపు పడుతుంది.